చలిమిడి పద్దు

మా ఆవిడకి న్యూజెర్సీలో ఒక చిన్న పిండివంటల కొట్టుంది. ఓక్ ట్రీ రోడ్డు మీద కాదు, అక్కడి అద్దెలు మా బోటివాళ్ళకి అందవు. అక్కడికి నాలుగు మైళ్ళ అవతల, ఒక పక్క డబ్బులేసి బట్టలుతుక్కునే లాండ్రోమాట్, ఇంకో పక్క పిజ్జా దుకాణం, మధ్యలో మాది. సున్నుండలు, అరిసెలు, జంతికలు, చేగోడీలు, కజ్జికాయలు ఎప్పుడూ ఉంటాయి. ముందుగా చెబితే చలిమిడి కూడా చేసిస్తుంది. 2017లో మొదలుపెట్టింది. నేను వారంలో అయిదు రోజులు ఒక కంపెనీలో డేటా లెక్కలు చూసే ఉద్యోగిని. మిగిలిన రెండు రోజులూ ఆ కొట్లో డబ్బాలకి మూతలు పెట్టే ఉద్యోగిని.

2022 నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. అప్పుడప్పుడూ వచ్చి జంతికలు తీసుకెళ్ళే మనిషే. ఆ రోజు కూడా జంతికల పొట్లమే తీసుకుంది. డబ్బులిచ్చాక వెళ్ళకుండా నిలబడి, ఫోను తీసి మా ఆవిడకి చూపించింది. మేం పంపిన వాట్సాప్ సందేశం అది. పూలు చుట్టిన ఉయ్యాల ఫొటో, దాని కింద ఆ అమ్మాయి పేరుతో సహా, మీ ఇంటి బారసాలకి సున్నుండలూ అరిసెలూ మా దగ్గర, ముందుగా చెబితే పది శాతం తగ్గింపు అని.

"మా ఇంట్లోవాళ్ళకి తప్ప నేనెవరికీ చెప్పలేదక్కా. మీకెవరు చెప్పారు?" అంది.

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. మా ఆవిడ ఏదో అనబోయేలోగా, "బారసాల లేదులెండి. ఏడో నెలలోనే పోయింది" అని ఫోను సంచీలో పెట్టుకుంది.

మా ఆవిడ నావైపు చూసింది. నేను మూతలు పెట్టడం ఆపేశాను. "ఎవరూ చెప్పలేదమ్మా" అంది మా ఆవిడ చివరికి. అది నిజమే. ఎవరూ చెప్పలేదు. నేను లెక్క కట్టాను.

ఎలా లెక్క కట్టానో చెప్పాలి. నా తప్పొప్పులు తేల్చుకోవడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను కనుక, నా తెలివితేటలు కూడా దాచకుండా చెప్పుకోవాలి.

కొట్టు పెట్టిన మొదటి నాలుగేళ్ళూ ఫేస్‌బుక్కులోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ చిన్న చిన్న ప్రకటనలు వేసుకునేవాళ్ళం. చుట్టుపక్కల పదిహేను మైళ్ళలో, ఇరవై అయిదు నుంచి యాభై అయిదేళ్ళ మధ్య, తెలుగు సినిమాలంటే ఇష్టపడేవాళ్ళు అని చెబితే చాలు, మిగతా పని వాళ్ళు చూసుకునేవారు. పది డాలర్లు పెడితే ఎంతమందికి కనిపించింది, ఎంతమంది నొక్కారు, ఎంతమంది దాచుకున్నారు అన్నీ పట్టిక వేసి చూపించేవారు. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఫోన్లలో ఒక మార్పు తెచ్చింది. ఒక యాప్ మిమ్మల్ని మిగతా యాప్‌లలోనూ సైట్లలోనూ వెంబడించాలంటే ముందుగా మీ అనుమతి అడగాలి అన్నది ఆ మార్పు. అడిగితే చాలామంది వద్దన్నారు. దాంతో మా ప్రకటనల గురి తప్పింది. అప్పుడు వ్యాపార సలహాదారులందరూ ఒకటే పాట అందుకున్నారు: ఊరివాళ్ళ లెక్కల మీద ఆధారపడకండి, మీ సొంత కొనుగోలుదార్ల వివరాలు మీ దగ్గరే ఉన్నాయి, వాటిని తవ్వుకోండి అని.

తవ్వడం నా వృత్తి. అయిదేళ్ళ ఆర్డర్లు ముందేసుకుని కూర్చున్నాను. అందులో నాకు చలిమిడి కనిపించింది.

తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. అమ్మాయికి నెలలు వచ్చాక, కడుపు చల్లగా ఉండాలని పుట్టింటివాళ్ళు పెట్టేది చలిమిడి. అయితే చలిమిడి కొన్నవాళ్ళందరి ఇళ్ళలోనూ శ్రీమంతమే అనుకుంటే పొరపాటు. నాగుల చవితికి పుట్టలో వేస్తారు. శ్రీరామనవమికి వడపప్పు పక్కన పెడతారు. కనుక ఆ రెండు పండగల ముందు వారంలో వచ్చిన ఆర్డర్లు తీసేశాను. కిలోకి తక్కువైనవి తీసేశాను. మిగిలినవాటిలో తేదీ వేసుకుని, దానికి అయిదు నెలలు కలిపి, ఆ రోజుకి బారసాల సందేశం వెళ్ళేటట్టు పెట్టాను. ఏ ఫొటో పెట్టాలన్నది ఇన్‌స్టాగ్రామ్ చెప్పింది. మేం అంతకుముందు పెట్టిన ఫొటోలన్నిటిలోనూ జనం ఎక్కువగా దాచుకున్నది ఉయ్యాల ఫొటో. మూడు నెలల్లో ముప్ఫై ఒక్కమందికి సందేశాలు వెళ్ళాయి. అందులో తొమ్మిదిమంది ఆర్డరిచ్చారు. ఈ వ్యాపారం గురించి తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, అది చిన్న సంఖ్య కాదు. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ కథ చెప్పి మెచ్చుకోళ్ళు కూడా అందుకున్నాను.

ఆ శనివారం రాత్రి కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక మా ఇద్దరికీ వాదన జరిగింది.

"ఎవరూ ఆ అమ్మాయి పేరు చూడలేదు. ఆ అమ్మాయి గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. కంప్యూటర్ తేదీలు కూడింది, అంతే" అన్నాను.

"నేననేదీ అదేనండీ. ఎవరూ చూడలేదు" అంది మా ఆవిడ.

ఆ మాటకి నాకు అప్పుడు జవాబు తోచలేదు. తరవాత చాలాకాలం ఆలోచించాను. ఎదటి మనిషి నోరు విప్పి చెప్పని సంగతి, ఆమె వదిలిన గుర్తుల్నిబట్టి తెలుసుకోవడం తప్పా? తప్పయితే, లోకంలో ఏ వ్యాపారి ఆ తప్పు చెయ్యలేదు? మా తాతయ్య చెయ్యలేదా?

మా తాతయ్యకి తెనాలి దగ్గర మా ఊళ్ళో కిరాణా కొట్టుండేది. అరువు రాసుకోవడానికి ఎర్ర గుడ్డ అట్టల పద్దుల పుస్తకం. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆ పుస్తకం చూస్తే తెలిసిపోయేది. శొంఠి, పిప్పళ్ళు, వాము ఎవరింటికి వెళ్ళాయంటే ఆ ఇంట్లో బాలింత ఉన్నట్టు. పంచదార ఒక్కసారి అయిదు కిలోలు వెళ్ళిందంటే పెళ్ళిచూపులో, చుట్టాలో. ఎప్పుడూ మంచినూనె కొనేవాళ్ళు సగానికి తగ్గించారంటే చేతిలో డబ్బాడటం లేదన్నమాట. ఇదంతా మా తాతయ్య లెక్క కట్టినదే. ఎవరూ వచ్చి చెప్పినది కాదు. అయినా ఆయన కొట్టుకి వచ్చినవాళ్ళెవరూ, మీకెలా తెలిసింది అని ఆశ్చర్యపోయినట్టు నాకు గుర్తులేదు.

మొదట్లో నేను దీన్నే నాకు సమర్థనగా వాడుకున్నాను. తాతయ్య పుస్తకానికీ నా పట్టికకీ తేడా ఏముంది, అట్ట రంగు తప్ప? కానీ ఆలోచించిన కొద్దీ రెండు తేడాలు కనిపించాయి.

మొదటిది, ఊరివాళ్ళ గురించి తాతయ్యకి ఎంత తెలుసో తాతయ్య గురించి ఊరివాళ్ళకీ అంతే తెలుసు. మా పెద్దత్తయ్య కాపురం చెడి పుట్టింటికొచ్చిన సంగతి ఊరంతటికీ తెలుసు. ఆయన తూకంలో ఎప్పుడు చెయ్యి తేలిపోయేదో కూడా తెలుసు. ఒకరి గుట్టు ఒకరి దగ్గరున్నప్పుడు ఇద్దరూ కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు. మా కొట్టుకొచ్చే అమ్మాయికి నా గురించి ఏం తెలుసు? నేను మూతలు పెడతానని తెలుసు.

రెండోది ఇంకా ముఖ్యం. తాతయ్య లెక్క తప్పితే సాయంత్రానికి దిద్దుబాటు అందేది. శొంఠి వెళ్ళిన ఇంట్లో బిడ్డ దక్కలేదంటే, కొట్టు కట్టేలోగా మా నాయనమ్మ చెవిన పడేది. మర్నాడు ఆ ఇంటాయన వస్తే తాతయ్య నోరెత్తకుండా సరుకులు కట్టిచ్చేవాడు. నా పట్టికకి నాయనమ్మ లేదు. అయిదు నెలలు కలపమంటే కలిపింది. ఆ అయిదు నెలల్లో ఏమైనా జరిగుండొచ్చన్న అనుమానం దానికి రాదు. నాకు రావాలి, నాకూ రాలేదు.

అలాగని మా ఊరి కిరాణా కొట్టు ధర్మరాజు సభ అని చెప్పబోవడం లేదు. మనలాంటి వలసపోయినవాళ్ళకి ఊరిని కడిగి ముత్యంలా చూపించే జబ్బుంది. వానలు పడని ఏడు ఎవరు అరువుకొస్తారో తాతయ్యకి తెలుసు. వాళ్ళలో ఎవరికి లేదనాలో కూడా తెలుసు. బాకీ తీర్చనివాడి పద్దు నలుగురి ముందూ చదివి సిగ్గుతీసిన రోజులున్నాయి. కూలివాళ్ళు గడప బయటే నిలబడి సరుకులు అందుకునేవాళ్ళు. వాళ్ళ లేమి ఆయనకి కొట్టిన పిండే, కానీ ఆ తెలివి వాళ్ళ మేలుకి వాడినది తక్కువ. కాబట్టి దగ్గరగా తెలుసుకోవడం మంచిదనీ, దూరంనించి లెక్కకట్టడం చెడ్డదనీ తేల్చేస్తే సరిపోదు. తెలుసుకున్న సంగతితో ఏం చేస్తున్నాం అన్నది అసలు ప్రశ్న.

ఇలా కాలు జారినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. అమెరికాలో పెద్ద దుకాణాలు నాకన్నా ముందే ఈ దారిన నడిచాయి. 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఛార్ల్స్ డుహిగ్ రాసిన వ్యాసం అప్పట్లో చాలామంది చదివే ఉంటారు. టార్గెట్ దుకాణాలలో పనిచేసే ఒక గణాంకవేత్త, వాసనలేని లోషన్ల దగ్గర్నించి విటమిన్ మాత్రల దాకా దాదాపు పాతిక వస్తువుల కొనుగోళ్ళనిబట్టి, ఏ మహిళ గర్భవతో అంచనా వేసే పద్ధతి తయారుచేశాడు. ఆ వ్యాసంలో నన్ను ఆపింది ఆ అంచనా కాదు, ఆ తరవాత వాళ్ళు చేసిన పని. పిల్లల వస్తువుల కూపన్లే వరసగా పంపిస్తే ఆడవాళ్ళు ఉలిక్కిపడుతున్నారని తెలుసుకుని, డైపర్ల కూపన్ పక్కన గడ్డి కోసే యంత్రం కూపన్, వైను గ్లాసుల కూపన్ కలిపి పంపడం మొదలుపెట్టారు. అందరికీ ఇవే వెళుతున్నాయి కాబోలు అనుకుంటారని. తమకు తెలుసన్న సంగతి అవతలివాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే కొనరు. వాళ్ళ తెలివికి దాపరికం కూడా తోడవాల్సి వచ్చింది.

2018 డిసెంబరులో వాషింగ్టన్ పోస్ట్‌లో పనిచేసే జిలియన్ బ్రాకెల్ అనే ఆవిడ టెక్నాలజీ కంపెనీలకి ఒక బహిరంగ లేఖ రాసింది. ఆవిడకి బిడ్డ కడుపులోనే చనిపోయింది. అంతకుముందు ఆవిడ ఆ కబురు పంచుకున్నప్పుడూ, బట్టలు వెతికినప్పుడూ కనిపెట్టగలిగిన మీరు, బిడ్డ పోయిందని నేను రాసినప్పుడు ఎందుకు కనిపెట్టలేకపోయారు అన్నది ఆవిడ ప్రశ్నకి సారాంశం. ప్రకటనలు వద్దని నొక్కితే, బిడ్డ పుట్టేసింది కాబోలనుకుని పుట్టిన బిడ్డకి కావలసిన వస్తువులు చూపించడం మొదలుపెట్టాయట. ఆ లేఖ 2018లోనే చదివాను. చదివి అయ్యో అనుకున్నాను. నాలుగేళ్ళ తరవాత అదే పని చేశాను. పెద్ద కంపెనీలు చేస్తే అన్యాయంగా కనిపించినది, మన కొట్లో మన చేత్తో చేస్తే వ్యాపార కౌశలంలా కనిపించింది.

ఇక్కడ కొందరు అడుగుతారు, అయితే ఈ లెక్కలన్నీ మానెయ్యమంటావా అని. మానెయ్యమనను. మాకు వాటివల్ల జరిగిన మేలు తక్కువ కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగే నోళ్ళకి ఒక దారి దొరికింది. సున్నుండలు అరకిలో డబ్బాల్లోనే అమ్మేవాళ్ళం. ఒక్కళ్ళమే ఉంటాం, అంత తినలేం అని చదువుకునే పిల్లలు రాస్తే పావుకిలో పొట్లాలు పెట్టాం. అవే ఇప్పుడు ఎక్కువ పోతాయి. మా ఫొటోల కింద పదే పదే వచ్చే ప్రశ్న రుచి గురించి కాదు, కారు ఎక్కడ పెట్టుకోవాలని. వెనకవైపు పార్కింగ్ ఉందని ఒక ఫొటో పెట్టాం, దానికి లైకులు రాలేదు గానీ మనుషులొచ్చారు. అరిసెలు గట్టిగా ఉన్నాయని ఒకాయన రెండు నక్షత్రాలిచ్చి నాలుగు వాక్యాలు రాశాడు. మా ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు పాకం మార్చింది. ఆయన చెప్పింది నిజం.

అయితే ఈ లెక్కలు ఏం చెప్పగలవో, ఏం చెప్పలేవో తెలిసుండాలి. నేను జీతం తీసుకునేది ఆ పనికే కనుక కొంచెం చెబుతాను. చిన్న కొట్టుకి వచ్చే సంఖ్యలు చిన్నవి. రెండు ఫొటోలు వెయ్యేసి మందికి చూపించారనుకోండి. ఒకదాన్ని నలభైమంది నొక్కారు, రెండోదాన్ని యాభై రెండుమంది నొక్కారు. రెండోదే మంచిదని పండగ చేసుకుంటాం. ఆ పాటి తేడా ఉత్త కాకతాళీయంగానూ రావచ్చు. ఇంకోటి, మెచ్చుకోళ్ళయినా తిట్లయినా రాసేవాళ్ళు ఎక్కువగా రెండు కొసల వాళ్ళు. మహా బాగుందనేవాళ్ళు, మరీ ఘోరమనేవాళ్ళు. ఫరవాలేదనుకుని తిని మళ్ళీ వచ్చే మధ్యవాళ్ళు ఏమీ రాయరు. వ్యాపారం నిలబడేది వాళ్ళ మీద.

అసలే కనిపించనివాళ్ళు మరికొందరున్నారు. ఒకప్పుడు మేం ఉదయాల్లో పల్చటి కారప్పూసా, ఉప్పు తగ్గించిన చెక్కలూ చేసేవాళ్ళం. ఫొటో పెడితే ఎవరూ పట్టించుకోలేదు. పట్టిక చూసి వాటిని ఆపేశాను. రెండు నెలల తరవాత మా ఆవిడ అంది, "పొద్దున్నే నడుచుకుంటూ వచ్చే పెద్దవాళ్ళు రావడం లేదు చూశారా?" అని. పిల్లల దగ్గరికి ఆరు నెలల కోసం వచ్చే అమ్మలూ నాన్నలూ. కోడలు ఆఫీసు పనిలో, మనవడు బడిలో ఉంటే, అరమైలు నడిచి మా కొట్టుకొచ్చి, పది రూపాయల నోటు లెక్కపెట్టినట్టు డాలర్లు లెక్కపెట్టి, చెక్కల పొట్లం కొనుక్కుని, అరగంట తెలుగు మాట్లాడి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి ఇన్‌స్టాగ్రామ్ లేదు. నా పట్టికలో వాళ్ళు లేరు. పట్టికలో లేరు కనుక కొట్లోనూ లేకుండా చేశాను. మళ్ళీ మొదలుపెట్టేసరికి కొందరు ఇండియా వెళ్ళిపోయారు.

ఇక నక్షత్రాల సంగతి. హార్వర్డ్‌లో మైఖేల్ లూకా 2011లో సియాటిల్ హోటళ్ళ మీద చేసిన పరిశోధనలో, యెల్ప్‌లో ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం అయిదు నుంచి తొమ్మిది శాతం పెరుగుతుందని తేల్చాడు. ఆ పెరుగుదల కనిపించింది గొలుసు హోటళ్ళకి కాదు, సొంతంగా నడుపుకునే వాటికే. అంటే మావంటి వాళ్ళకే. అందుకే మావంటి వాళ్ళకే ఆశ. చుట్టాల చేత, స్నేహితుల చేత అయిదేసి నక్షత్రాలు వేయించుకోవడం మనవాళ్ళలో తప్పుగా ఎంచరు, ఒకరికొకరు సాయమంటారు. మొదటి ఏడాది మేమూ వేయించుకున్నాం, మా ఆవిడ చెల్లెలు డాలస్ నుంచి తినని కజ్జికాయల్ని తెగ మెచ్చుకుంది. 2024లో ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ అభిప్రాయాలు రాయడం, కొనడం, అమ్మడం నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. లోపలివాళ్ళు తమ సంబంధం చెప్పకుండా రాసేవాటి సంగతి కూడా అందులో ఉంది. చట్టం సంగతలా ఉంచండి. అరిసెలు గట్టిగా ఉన్నాయని నిజం రాసిన మనిషి గొంతు, తినని కజ్జికాయల మెచ్చుకోళ్ళ కింద పూడిపోతుంది. మనం వినడానికి పెట్టుకున్న చెవిలో మనమే దూది పెట్టుకోవడం లాంటిదది.

ఇంతకీ గీత ఎక్కడ గియ్యాలి? నాకు దొరికిన కొలత ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే ఉంది. మీకెలా తెలిసింది? ఎదురుగా నిలబడి ఎవరైనా ఇలా అడిగితే, తడుముకోకుండా చెప్పగలిగే దారిన తెలిసినదైతే వాడుకోవచ్చు. చెప్పలేనిదైతే వాడకూడదు. పావుకిలో పొట్లాలు ఎందుకు పెట్టారంటే, మీరే అడిగారుగా అంటాం. వెనకవైపు పార్కింగ్ ఫొటో ఎందుకంటే, అందరూ అడుగుతున్నారంటాం. ఉయ్యాల ఫొటో ఎందుకు పంపావంటే, అయిదు నెలల క్రితం మీరు కొన్న చలిమిడి తూకం చూసి మీ కడుపు సంగతి ఊహించానని చెప్పాలి. ఆ మాట ఆ అమ్మాయి మొహం చూసి నేను అనలేకపోయాను. మా ఆవిడ అనలేకపోయింది. టార్గెట్ దుకాణం కూడా అనలేకే గడ్డి కోసే యంత్రాన్ని అడ్డం పెట్టుకుంది.

ఈ కొలత నాదే అనుకుని కొన్నాళ్ళు మురిసిపోయాను. తరవాత తెలిసింది, ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన వ్యాసంలో ఇటువంటిదే చెప్పాడు. ఇతరుల హక్కులకి సంబంధించిన పని ఏదైనా, దాని వెనకున్న సూత్రాన్ని బయటపెడితే చెడిపోయేటట్టుంటే, ఆ పని అన్యాయమన్నాడు. ఆయన మాట్లాడింది రాజ్యాల గురించి. పిండివంటల కొట్టుకి కూడా ఆ మాట సరిపోతుంది.

దీనికి ఎదురు వాదనలున్నాయి. నా మిత్రుడొకడు అన్నాడు, "ఆ ముప్ఫై ఒక్కమందిలో తొమ్మిదిమంది సంతోషంగా ఆర్డరిచ్చారు. మిగతావాళ్ళు పట్టించుకోలేదు. ఒక్కరికి బాధ కలిగింది. తొమ్మిదిమంది సౌకర్యం లెక్కలోకి రాదా?" అని. వస్తుంది. కానీ ఆ సౌకర్యం మాతో నిమిత్తం లేకుండా కూడా దొరికేదే. బారసాల ఉన్నవాళ్ళు వాళ్ళే ఫోను చేస్తారు. ఆ అమ్మాయికి కలిగిన బాధ మాత్రం మేం కాకపోతే కలిగేది కాదు. పైగా తొమ్మిదిమంది నా పట్టికలో ఆర్డర్ల వరసలో కనిపించారు. ఆ అమ్మాయి, ఆర్డరివ్వని ఇరవై రెండుమందిలో ఒకతెగా, కేవలం స్పందన లేదు అన్న వరసలో ఉంది. కొట్టుదాకా వచ్చి అడక్కపోతే నా దృష్టిలో ఆ ప్రయోగం పూర్తిగా విజయవంతమైనట్టే. అలా రాకుండా ఉండిపోయినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంకో వాదన నిజంగా బరువైనది. పెద్ద కంపెనీలు అన్నీ కనిపెట్టి, అన్నీ వాడుకుంటూ ఉంటే, చిన్న కొట్టువాడు ధర్మం పేరు చెప్పి చేతులు కట్టుకుంటే ఎలా బతుకుతాడు? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం గమనించాను. వాళ్ళ దగ్గరున్న లెక్కలతో మేం ఎప్పుడూ పోటీపడలేం. వాళ్ళకి లేనిది మా దగ్గర ఒకటుంది. మనిషి ఎదురుగా వచ్చి నిలబడే బల్ల ఉంది. ఆ అమ్మాయి ఆ బల్ల దగ్గరికి వచ్చి అడగగలిగింది కనుక మా తప్పు మాకు తెలిసింది. పెద్ద కంపెనీని అడగాలంటే బ్రాకెల్ బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. ఆ బల్లని వదులుకుని వాళ్ళ పద్ధతి పట్టుకుంటే, మాకున్న ఒక్క బలాన్నీ మేమే పోగొట్టుకున్నట్టు.

ఆ వారంలోనే ఆ జాబితా చెరిపేశాను. ఇప్పుడు చలిమిడి ఆర్డరు తీసుకునే కాగితం మీద రెండు గడులు అదనంగా ఉన్నాయి. సందర్భం ఏమిటి, చెప్పాలనిపిస్తేనే అని ఒకటి. ముందు ముందు మమ్మల్ని పలకరించమంటారా అని రెండోది. చాలామంది మొదటి గడి ఖాళీగా వదిలేస్తారు. రెండోదానికి ఔనన్నవాళ్ళకే రాస్తాం, అదీ వాళ్ళు చెప్పిన సందర్భం దాటి ఊహించకుండా. బారసాల ఆర్డర్లు అప్పటికన్నా తగ్గాయి. ఇది చదివి, నిజాయితీగా ఉంటే వ్యాపారం పెరుగుతుందన్న నీతి కథ ఆశించేవారికి నిరాశ తప్పదు. తగ్గింది. కొట్టు నడుస్తోంది.

ఆ అమ్మాయి చాలాకాలం రాలేదు. మళ్ళీ రాదనే అనుకున్నాం. 2024 ఆగస్టులో ఒక శనివారం వచ్చింది. నాగుల చవితి కాదు, శ్రీరామనవమి కాదు. కిలో చలిమిడి కావాలంది. మా ఆవిడ కాగితం ఇచ్చింది. ఆ అమ్మాయి పేరు రాసి, తేదీ రాసి, సందర్భం గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆపి, కింది గడిలోకి వెళ్ళి వద్దు అని రాసింది.

మా ఆవిడ ఏమీ అడగలేదు. మర్నాడు చలిమిడి తనే కలిపింది, కొబ్బరిముక్కలు ఎప్పటికన్నా కాస్త ఎక్కువే వేసింది. డబ్బాకి మూత నేను పెట్టాను. తేదీకి ఎన్ని నెలలు కలపాలో అన్న లెక్క నా బుర్రలో దానంతటది మొదలైంది. ఆ అలవాటు పోదు. కాగితం మడిచి, మిగతా కాగితాలతోపాటు సొరుగులో పెట్టేశాను.